పదకొండు తప్పులు

నవంబరు నెల, మంగళవారం, ఉదయం ఎనిమిదిన్నర. తలకు రంగు పట్టించి, పైన ప్లాస్టిక్ టోపీ తగిలించుకుని వంటింట్లో కూర్చున్న సిగ్రున్. మంచు మీద రాళ్ళు జార్చి ఆడే కర్లింగ్ ఆట క్లబ్బు మేడమీద జరిగే ఉపన్యాసాల సంఘం నుంచి అప్పుడే వచ్చిన ఆమె తమ్ముడు లోర్న్.

“పదకొండు, అక్కా. పదకొండు తప్పులు.”

“గుమ్మంలోంచే మొదలెట్టావా. ముందు బూట్లు విప్పు.”

“ఒక్క ఉపన్యాసంలో. ఏడు నిమిషాల్లో పదకొండు.”

“ఊళ్ళో మంచు ఎక్కడున్నా నా చాప మీదకే తెస్తావు. విప్పమన్నానా. ఎవరివిరా ఆ పదకొండు?”

“హల్య గారివి.”

“ఏ హల్య? పత్రికాఫీసు హల్యా?”

“ఊళ్ళో ఇంకెంతమంది హల్యలున్నారు?”

“అచ్చుతప్పులు దిద్దే హల్య? నా కేకుల ప్రకటనలో ఒక కామా ఎక్కువైందని ఇంటికి ఫోన్ చేసి మరీ చెప్పిన హల్య?”

“నేనూ అదే అంటున్నా. మూడేళ్ళుగా ఆవిడ పేరు కింద నా కాగితం తెల్లగా ఉంటోంది. ఒక్కటంటే ఒక్క తప్పు లేదు. ఇవాళ రాయలేక చెయ్యి నొప్పెట్టింది.”

“ఒంట్లో బాగాలేదేమో పాపం.”

“నిక్షేపంగా ఉంది. ఎర్ర స్కార్ఫు కట్టుకుంది. గొంతు కూడా ఖంగుమంటోంది.”

“స్కార్ఫు రంగు కూడా చూశావన్నమాట.”

“ఎదురుగా నిలబడితే కనపడదా ఏంటి.”

“కనపడుతుంది, కనపడుతుంది. కాఫీ పోసుకో. నేను లేవలేను, ఈ రంగు ఇంకో ఇరవై నిమిషాలు తలమీద ఉండాలి. ప్రూన్ పళ్ళ కేకుంది, కోసుకో. అమ్మ చేసినట్టే ఏడు పొరలు. ఇంతకీ దేని మీద మాట్లాడింది?”

“ఎవరు?”

“ఇంకెవర్రా, హల్య.”

“ఏడు నిమిషాల రెండు సెకన్లు మాట్లాడింది.”

“ఎంతసేపని అడగలేదు. దేని గురించి?”

“ఏదో వెళ్ళిపోవడం గురించి.”

“వెళ్ళిపోవడమంటే? థాంప్సన్ వెళ్ళిపోవడమా?”

“థాంప్సన్ ఎందుకు?”

“నువ్వీ ఊళ్ళోనే ఉంటున్నావా? పత్రిక ఈ నెలాఖరుకి మూసేస్తున్నారు. హల్యకి ఉత్తరాన థాంప్సన్ ఊరి పత్రికలో ఉద్యోగం ఇస్తామన్నారు. అవునో కాదో ఈ వారంలో చెప్పాలట. నా దగ్గర కేకులు కొనేవాళ్ళందరికీ తెలుసు. వెళ్తే మళ్ళీ ఈ మొహాలు చూడ్డానికి రాదు. ఎనిమిది గంటల దారి, వట్టి అడవి.”

“నాకెవరూ చెప్పలేదు.”

“ఇవాళ ఆవిడే చెప్పుంటుంది, ఏడు నిమిషాల రెండు సెకన్లు.”

“అక్కా, నేను ఇంగ్లీషు వ్యాకరణం చూసేవాణ్ణి. ఒకాయన గడియారం చూస్తాడు. థోరా గారు ‘అఁ’, ‘ఉఁ’ అన్నప్పుడల్లా గంట కొడుతుంది. నేను తప్పులు రాసుకుంటాను. ఎవరి పని వాళ్ళది. విషయం ఎలా ఉందో చెప్పడానికి ఫ్రిడ్రిక్ గారున్నాడు.”

“ఆ పని వారానికొకరు చెయ్యాలటగా. మూడేళ్ళుగా నువ్వే ఎందుకు చేస్తున్నావు?”

“మిగతావాళ్ళు మేం చెయ్యం అంటున్నారు. నాకలవాటేగా. పొద్దస్తమానం చేపలు తూచే కాటాలు తనిఖీ చేసేవాణ్ణి.”

“అవును. మనిషి ఎదురుపడ్డా ముల్లు ఎటు ఒరిగిందనే చూస్తావు. మరి నువ్వెన్ని ఉపన్యాసాలిచ్చావు ఈ మూడేళ్ళలో?”

“వ్యాకరణం చూసేవాడు ఆ రోజు మాట్లాడక్కర్లేదు. అది నియమం.”

“అందుకా ఆ పని వదలవు.”

“కేకు బాగుంది.”

“కేకు ఎప్పుడూ బాగుంటుంది. ఆ కాగితం తీసి చదువు. నాకు అద్దాలు పెట్టుకోడానికి లేదు, చెవుల మీద కూడా రంగే.”

“ఏం చదవను? అవి తప్పులక్కా. నీకు విసుగు.”

“తప్పులు చదవరా. చదువు.”

“సరే. మొదటిది. ‘డజంట్’ అనాల్సిన చోట ‘డోంట్’ అంది. ఒకటో తరగతి పిల్లలు చేసే తప్పు.”

“వాక్యం చదువు.”

“‘ఆయన నన్ను చూడడు.’”

“ఎవరాయన?”

“రాసుకోలేదు. పేరులో తప్పేముంటుంది?”

“పేరు చెప్పిందా?”

“గుర్తులేదు. రెండోది. ఒకే వాక్యంలో రెండు ‘కాదు’లు. ‘నాట్’ ఒకటి, ‘నెవర్’ ఒకటి. ‘ఆయన కాగితం మీంచి తలెత్తనే ఎత్తడు’ అని చెప్పబోయింది. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని, ఎత్తుతాడని అర్థమొచ్చింది.”

“ఎత్తుతాడా?”

“ఎవరు?”

“ఎవరూ లేరులే. మూడోది.”

“ఎందుకలా చూస్తున్నావు?”

“రంగు ఘాటు. కళ్ళు మండుతున్నాయి. మూడోది చదువు.”

“మూడోది మరీ దారుణం. ‘మీ అండ్ హిమ్’ అని మొదలెట్టింది. ‘హీ అండ్ ఐ’ అనాలి. ‘నేనూ ఆయనా మార్చి మంచు తుఫాను రోజు క్లబ్బు మెట్లమీద కూర్చుని ఒకే ఫ్లాస్కులో కాఫీ తాగాం.’”

“మార్చి తుఫాను రోజు.”

“ఆఁ.”

“ఆ రోజు నువ్వెక్కడున్నావురా?”

“మంగళవారం కదా, క్లబ్బుకే వెళ్ళాను. ఎవరూ రాలేదు. తాళం కూడా తియ్యలేదు.”

“ఎవరూ రాలేదా?”

“ఎవరూ అంటే… నేనూ, హల్య గారూ వచ్చాం.”

“కాఫీ ఎవరిది?”

“ఫ్లాస్కు నాదే. అక్కా, నీకు చెవి దగ్గర రంగు కారుతోంది.”

“కారనీ. నాలుగోది.”

“నాలుగోది వద్దులే.”

“కాగితం ఇలా ఇస్తావా, చదువుతావా?”

“‘ఐ సా’ అనాల్సింది ‘ఐ సీన్’ అంది. ‘ఆయన ఆ రోజు తన టోపీ మెట్లమీద మర్చిపోవడం నేను చూశాను.’”

“నీ చెవుల టోపీ, నేను అల్లిచ్చింది, ఎప్పుడు పోయిందన్నావు?”

“ఊళ్ళో చాలామంది టోపీలు పోగొట్టుకుంటారు.”

“ఎప్పుడు పోయిందన్నావు?”

“మార్చిలో.”

“టోపీ చూశాక ఏం చేసిందట?”

“తర్వాత వాక్యంలో తప్పులేదు.”

“రాసుకోలేదు.”

“రాసుకోలేదు.”

“దేవుడా. అయిదోది చదువు.”

“‘మూడేళ్ళలో ఆయన నాతో ఇరవై కంటే తక్కువ మాటలు మాట్లాడాడు.’ ‘లెస్’ అంది. పిండి, పాలు, మంచు, ఇలాంటివైతే ‘లెస్’. మాటలు లెక్కపెట్టొచ్చు కదా, ‘ఫ్యూయర్’ అనాలి.”

“నువ్వు లెక్కపెట్టావా?”

“ఏవి?”

“నువ్వు ఆవిడతో మాట్లాడినవి.”

“నేను ప్రతివారం మాట్లాడతానక్కా. చివర్లో లేచి అందరి తప్పులూ చదువుతాను కదా. ఆవిడ వంతు వచ్చినప్పుడు ‘హల్య గారు, ఏమీ లేవు’ అంటాను.”

“అవి నాలుగు మాటలు.”

“ప్రతివారం.”

“ప్రతివారం అవే నాలుగు.”

“తప్పు చెయ్యని మనిషితో ఏం మాట్లాడనక్కా? మిగతావాళ్ళయితే తర్వాత నా దగ్గరకొస్తారు, అదెందుకు తప్పు, ఇదెందుకు తప్పు అని అడుగుతారు. పోట్లాడతారు. ఆవిడతో పోట్లాడ్డానికి కూడా ఏమీ ఉండదు. ఒక్కోసారి ఒక్క తప్పు చేస్తే బాగుండునని…”

“బాగుండునని?”

“ఏమీ లేదు. ఇంకో ముక్క కోసుకుంటా.”

“కత్తి కింద పెట్టు. అంత అందంగా మాట్లాడే మనిషి, మాట్లాడ్డం నేర్పే సంఘానికి మూడేళ్ళు ఎందుకొచ్చిందిరా?”

“నేర్చుకోడానికి.”

“రానివాళ్ళు కదా నేర్చుకునేది. ఆలోచించు, ఆలోచించు. ఆరోది?”

“ఆరోది చిన్నది. మంచితనానికి ‘మోర్’ ఒకటి తగిలించి, చివర ‘అర్’ కూడా తగిలించింది. ఈ ఊళ్ళో ఆయనకంటే మంచివాడు లేడని.”

“అది చిన్నదా?”

“తప్పు చిన్నది.”

“ఆగాగు. ఇవన్నీ నువ్వు ఇవాళ లేచి నిలబడి అందరి ముందూ చదివావా?”

“చదవాలి కదా. అది నా పని.”

“పైకి? ‘ఆయన నన్ను చూడడు’ అని?”

“ఆఁ. తప్పు చెప్పి, సరైనది కూడా చెప్పాను. ఇవాళ కాస్త విడమరిచే చెప్పాను, చాలా ఉన్నాయి కదా.”

“ఎవరైనా నవ్వారా?”

“ఎవరూ నవ్వలేదు. చాలా శ్రద్ధగా విన్నారు. ఎప్పుడూ అంత నిశ్శబ్దంగా వినలేదు నన్ను. థోరా గారు కళ్ళు తుడుచుకుంది. జలుబేమో అనుకున్నాను.”

“జలుబు.”

“చివర్లో ఫ్రిడ్రిక్ గారు నా భుజం తట్టి ‘ఇప్పుడైనా వెళ్ళవయ్యా’ అన్నాడు.”

“వెళ్ళావా?”

“వెళ్ళాను. కాఫీ తెచ్చుకున్నాను. అదే అన్నాడనుకున్నా.”

“మరి హల్య?”

“కోటు వేసుకుంది. నా ముందు ఒక క్షణం ఆగింది. కాగితం వంక చూసి ‘పదకొండా?’ అంది. ‘పదకొండండీ’ అన్నాను. వెళ్ళిపోయింది.”

“నిన్ను పెంచడానికి అమ్మకి పట్టిన ఓపిక ముందు ఈ ఏడు పొరల కేకు ఒక లెక్కా. ఏడోది చదువు.”

“ఏడోది చదవను.”

“లోర్న్.”

“అది ఊహించి చెప్పే వాక్యమక్కా. జరగనిదాన్ని జరిగితే అని చెప్పేటప్పుడు ‘వజ్’ వాడకూడదు, ‘వర్’ వాడాలి. చాలామంది చేసే తప్పే.”

“వాక్యం.”

“‘నేనే ఆయన భార్యనైతే.’”

“అయితే?”

“అంతే.”

“అంతే ఏంట్రా? భార్యనైతే ఏం చేస్తుందట? ఏం జరుగుతుందట?”

“రెండో సగంలో తప్పులేదు.”

“ఏరా, ఒక ఆడది నలుగురి ముందూ నిలబడి ‘నేనే ఆయన భార్యనైతే’ అంటే, నువ్వు ‘వజ్’ దగ్గర ఆగిపోయావా?”

“అక్కడే రాస్తున్నాను. రాసేసరికి వాక్యం అయిపోయింది.”

“ఆ కాగితం మొదటినుంచీ మళ్ళీ చూసుకో.”

“అక్కా.”

“ఊఁ.”

“ఆ ఆయన.”

“ఊఁ.”

“ఫ్లాస్కు నాది. టోపీ నాది. కాగితం కూడా…”

“ఊఁ.”

“నేనా?”

“హమ్మయ్య. ముల్లు నిలబడింది.”

“నేను కాదేమో.”

“కాదులే, థోరా గారేమో.”

“నేనైతే నాకు చెప్పొచ్చు కదా.”

“చెప్పింది. ఏడు నిమిషాలు. ఊరందరూ విన్నారు, నువ్వు తప్ప. పైగా నువ్వే లేచి నిలబడి మళ్ళీ చదివి వినిపించావు, ఎవరికైనా వినపడలేదేమోనని.”

“నాకు చెమటలు పడుతున్నాయి.”

“పట్టాలి. నన్ను చూసి ఒక్కటి చెప్పు. నీకు ఆవిడంటే ఇష్టమేనా?”

“ఆవిడ వాక్యాలు చాలా…”

“వాక్యాలు కాదు.”

“ఆవిడ విరామం ఎక్కడివ్వాలో అక్కడే…”

“లోర్న్, నీకు యాభై రెండేళ్ళు. నా తలమీద రంగు మాడిపోతోంది. ఇష్టమా, కాదా?”

“మంగళవారం కోసం బుధవారం నుంచే ఎదురుచూస్తానక్కా. ఆవిడ లేచి నిలబడుతుంటే నాకు భయమేస్తుంది. ఎక్కడ తప్పు చేస్తుందోనని కాదు. ఎప్పుడు కూర్చుంటుందోనని. అందుకే తలెత్తను. తలెత్తితే అందరికీ తెలిసిపోతుంది. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.”

“ఇదే, ఇలాగే, వెళ్ళి చెప్పు. ఒక్క ముక్క మార్చకు.”

“వచ్చే మంగళవారం చెప్తాను.”

“వచ్చే మంగళవారం ఆవిడ ఉంటుందో లేదో. మిగతావి ఏమన్నాయి? గబగబా చదువు.”

“ఎనిమిదోది, ‘ఇదంతా నేనే ముందు చెప్పి ఉండాల్సింది.’ తొమ్మిది, పది కూడా అలాంటివే. బాధగా ఉందని చెప్పడంలో తప్పు. అవి నేనిప్పుడు చదవలేనక్కా. పదకొండోది కాలం తప్పు. జరగబోయేదాన్ని జరిగిపోయినట్టు చెప్పింది. అప్పటికింకా ఏడుంబావే. ‘వెళ్ళిపోతాను’ అనాల్సింది పోయి ‘ఇవాళ తొమ్మిదిన్నర బస్సుకి వెళ్ళిపోయాను’ అంది.”

“మళ్ళీ చదువు.”

“‘ఇవాళ తొమ్మిదిన్నర బస్సుకి…’ అక్కా. ఇవాళ. తొమ్మిదిన్నర. టైమెంత?”

“ఇవాళ అన్నదా? కచ్చితంగా ఇవాళేనా?”

“ఇక్కడ రాశాను చూడు. టైమెంతక్కా?”

“ఇవాళంటే మంగళవారమేగా?”

“మంగళవారం కాకపోతే క్లబ్బెందుకుంటుంది? తొమ్మిదీ అయిదు. అయ్యో. తొమ్మిదీ అయిదు.”

“మంగళవారం. ఊఁ.”

“నవ్వుతావేంటి?”

“నవ్వలేదు. రంగు ఘాటు. ఏం కూర్చున్నావు, లే. ట్రక్కు తియ్యి.”

“నువ్వెక్కడికి?”

“నీతో. నిన్నొక్కణ్ణే పంపిస్తే బస్సు మీద రాసిన పేరులో తప్పులు చూస్తూ నిలబడతావు.”

“నీ తల?”

“నా తల సంగతి నేను చూసుకుంటా. ఆ తువ్వాలు ఇటివ్వు. ఒరేయ్, బూట్లు. బూట్లు వేసుకో.”

ట్రక్కులో.

“పాడు రోడ్డు, అంతా నున్నటి మంచుగడ్డ. అక్కా, ఈ బస్సు ఒక్కోసారి ముందే వచ్చేస్తుందా?”

“ఇవాళ ముందు రాదులే.”

“నీకెలా తెలుసు?”

“రాదన్నాను కదా. నెమ్మదిగా పోనీ. తొందరేం లేదు.”

“తొందర లేదా? ఇందాక నువ్వేగా లే లే అన్నావు.”

“అంటే తొందరే. కానీ నెమ్మదిగా పోనీ.”

“ఏం చెప్పను? మొదటి వాక్యం సరిగ్గా పడితే మిగతాది వస్తుంది. ‘హల్య గారూ, ఇవాళ ఉదయం మీరు చేసిన ప్రసంగాన్ని పరిశీలించిన మీదట…’”

“ట్రక్కు ఆపు, నేను నడిచి ఇంటికి పోతాను.”

“మరెలా మొదలెట్టను?”

“నోటికెలా వస్తే అలా.”

“నోటికెలా వస్తే అలా అంటే తప్పులొస్తాయి.”

“రానీ. ఎవరు రాసుకుంటారు?”

“ఆవిడ అచ్చుతప్పులు దిద్దే మనిషక్కా.”

“దిద్దనీ. బుధవారం, మంగళవారం అన్నావు చూడు, నాకు చెప్పినట్టే చెప్పు. అదిగో, బంకు. ఎర్ర స్కార్ఫు. బెంచీ మీద కూర్చుంది.”

“బస్సు రాలేదు. అమ్మయ్య, బస్సు రాలేదు. నువ్వు రావా?”

“ఈ అవతారంలోనా? ఇక్కడ అద్దం దించుకుని కూర్చుంటాను. వినపడకపోతే హారన్ కొడతా, గట్టిగా మాట్లాడు.”

పెట్రోలు బంకు ముందు, బస్సాగే చోట, బెంచీ మీద.

“హల్య గారూ.”

“లోర్న్ గారూ. పెట్రోలుకొచ్చారా?”

“లేదు. అవును. లేదు. మీరు వెళ్ళొద్దు. అంటే వెళ్ళకూడదని కాదు. మీరు వెళ్ళకపోకూడదని నేననడం లేదు.”

“చాలా ‘కాదు’లు పడ్డాయి. ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఇప్పుడు నన్ను వెళ్ళమన్నట్టా, ఉండమన్నట్టా?”

“ఉండమన్నట్టు.”

“థాంప్సన్ వాళ్ళకి నేను సాయంత్రంలోగా జవాబు చెప్పాలి. ఉద్యోగం మంచిదే. ఇల్లు కూడా ఇస్తారట. ఎందుకు ఉండాలి?”

“ఎందుకంటే… బుధవారం కోసం నేను మంగళవారం నుంచే… కాదు. మంగళవారం మంగళవారానికి… అయ్యో. మా అక్కకి చెప్పినప్పుడు బాగా వచ్చింది.”

“నెమ్మదిగా. ఇక్కడ గంట కొట్టేవాళ్ళెవరూ లేరు.”

“మంగళవారం అయిపోయిన మర్నాటి నుంచే, మళ్ళీ మంగళవారం ఎప్పుడొస్తుందా అని చూస్తుంటాను. మీ కోసం. ఉపన్యాసాల కోసం కాదు. మీరు నిలబడితే నేను తలొంచుకునేది తప్పుల కోసం కాదు. భయం.”

“మూడేళ్ళా?”

“మూడేళ్ళ రెండు నెలలు. మీరు మొదటిసారి ఆ నీలం కోటులో వచ్చి, చెప్పుల గురించి మాట్లాడారు.”

“చేపల గురించి.”

“చేపలా? సరే, నేను వినలేదు. మిమ్మల్ని చూస్తున్నాను. ఆ ఒక్కరోజే చూశాను. తర్వాత ధైర్యం చాల్లేదు.”

“ఇప్పుడు చూస్తున్నారు.”

“చూస్తున్నాను.”

“ట్రక్కులోంచి ఆ ప్లాస్టిక్ టోపీ ఎవరు, చెయ్యి ఊపుతున్నారు?”

“మా అక్క. రంగు సగంలో ఉండగా వచ్చేసింది. పట్టించుకోకండి.”

“టోపీ అంటే గుర్తొచ్చింది. ఇదిగో, మీది. మార్చి నుంచీ నా సంచీలోనే ఉంది. ప్రతి మంగళవారం ఇద్దామనే తెచ్చేదాన్ని. మీరు తలెత్తితే కదా ఇవ్వడానికి.”

“అదేనా, టోపీ తర్వాత వాక్యం? నేను రాసుకోనిది?”

“అదే.”

“మరి ‘నేనే ఆయన భార్యనైతే’ తర్వాత? అది కూడా రాసుకోలేదు. దారంతా అదే ఆలోచిస్తున్నాను.”

“తెలుసు. మీ పెన్సిలు ఇంకా ‘వజ్’ దగ్గరే ఉంది, చూశాను.”

“ఏమన్నారు?”

“‘నేనే ఆయన భార్యనైతే, ముందుగా ఆ పెన్సిలు లాక్కునేదాన్ని.’ అందరూ చప్పట్లు కొట్టారు కూడా. వినపడలేదా?”

“చప్పట్లు వినపడ్డాయి. ఎందుకో తెలీలేదు. ఇదిగోండి.”

“ఏంటది?”

“పెన్సిలు. తీసుకోండి. ఇంకోటి ఇంట్లో ఉంది, అదీ ఇచ్చేస్తాను.”

“రెండూ ఇచ్చేస్తే తప్పులు దేనితో రాసుకుంటారు?”

“రాసుకోను. హల్య గారూ, ఇంట్లో ఆ పదకొండూ మళ్ళీ చదివాను. ఈసారి విన్నాను.”

“పదకొండేనా?”

“క్లబ్బులో కూడా అదే అడిగారు. రెండుసార్లు లెక్కపెట్టాను. పదకొండే.”

“నేను పన్నెండు పెట్టాను.”

“పెట్టారా? అంటే, మీరు కావాలనే…”

“మూడేళ్ళు ఒక్క తప్పూ లేకుండా మాట్లాడి చూశాను. ఏం లాభం? తప్పులేని మాట మీ కాగితం ఎక్కదు. అందుకే మీ దగ్గరికి చేరాలనుకున్నవన్నీ విరగ్గొట్టి చెప్పాను. వారం రోజులు అద్దం ముందు నిలబడి నేర్చుకున్నాను. ‘ఐ సీన్’ అనడానికి నాలుక తిరగలేదంటే నమ్మండి.”

“నా చేత నేనే రాసుకునేలా చేశారు.”

“మీ చేతిరాత బాగుంటుంది.”

“పన్నెండోది ఏది? ఎక్కడ వదిలేశాను?”

“చివరి వాక్యంలో రెండున్నాయి. మీరు ఒక్కటే పట్టుకున్నారు.”

“‘ఇవాళ తొమ్మిదిన్నర బస్సుకి వెళ్ళిపోయాను.’ కాలం దిద్దాను. మిగతా అంతా సరిగ్గానే ఉందే. ఇంకేముంది అందులో తప్పు?”

“మంగళవారం బస్సు లేదు, లోర్న్.”